తెల్లపూల మీద తెల్లపొడి

పొద్దున్నే లేవాలి, చన్నీళ్ళు పోసుకోవాలి, గేటు పక్కనున్న నందివర్ధనం చెట్టు నుంచి ఇరవై ఒక్క పూలు కోయాలి, సూర్యుడు రాకముందే శివాలయంలో అయ్య నెత్తిన పెట్టాలి. మేడ్చల్‌లో గౌరయ్య పెట్టుకున్న పని ఇంతే. కిందటి వానాకాలం కూతురు భవిత టైఫాయిడ్‌తో మంచానికి అతుక్కుపోయినప్పుడు, అతను కీసర గుట్ట మీది శివుడి వైపు తిరిగి మొక్కుకున్నాడు. పిల్ల లేచి తిరిగితే, తన చేత్తో పెంచిన చెట్టు పూలు నలభై రోజులు వరసగా పెడతానన్నాడు. ఒక్కరోజు తప్పినా మళ్ళీ ఒకటి నుంచి మొదలు. పిల్ల లేచి తిరిగింది. తొంభై తొమ్మిదిలో శివరాత్రి మరునాడు మొక్కు మొదలైంది. రెండు రోజులు బాగానే సాగింది. మూడో రోజు చెట్టుకు నాలుగు పూలు మిగిలాయి.

ఆనాటి నుంచి అదే వరస. ఆదివారం మాత్రం చెట్టు చుక్కలు పూసినట్టు నిండుగా ఉండేది. ఆ రోజును ఒకటి అనుకునేవాడు. సోమవారం మళ్ళీ సున్నా. ఇంతలో ఒక బుధవారం భవిత ఒళ్ళు కాస్త వెచ్చబడింది. వచ్చే వారమే ఇంటర్ పరీక్షలు. గౌరయ్య పిల్ల నుదురు మళ్ళీ మళ్ళీ ముట్టి చూశాడు. మాట నిలుపుకోని తండ్రికి దేవుడు గుర్తు చేస్తున్నాడేమో!

విచిత్రమేమంటే, పూలు పోయిన ప్రతిరోజూ అతనికి ఒకటే కల వచ్చేది. సీసా మూతల ఫ్యాక్టరీలో అతనిది రెండో షిఫ్టు. ఆలస్యంగా వచ్చి, ఇంట్లోవాళ్ళ నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక వరండాలోనే మంచం వాల్చుకునేవాడు. తెల్లవారుజామున, శామీర్‌పేట చెరువు వైపు నుంచి వచ్చిన మంచు వీధిలో పాకుతుండగా, తెల్లచీర కట్టిన ఒక అమ్మ వచ్చి గేటు దగ్గర కొంగు పట్టి నిలబడేది. గౌరయ్య లేచి, కాళ్ళు నేలకు ఆననట్టే నడిచి, దోసెడు దోసెడు పూలు ఆ కొంగులో పోసేవాడు. ఆమె నవ్వి ఏదో దీవించేది. ఆ తర్వాత అంతా తెల్లగా, చల్లగా, మెత్తగా ఉండేది.

"అమ్మవారే దినాం వస్తాంది బాలేషూ," అన్నాడు గురువారం మధ్యాహ్నం బామ్మర్దితో. "గని నాకొక్కటే సమజైతలేదు. ఇంటాయనకు పెట్టే పూలు ఇంటామె ఎందుకడుగుతదిరా?"

భార్య రుక్కమ్మ తమ్ముడు బాలేష్ సిటీలో నేరాల సాక్ష్యాలు పరీక్షించే ల్యాబులో అటెండరు. సీసాలు కడగడం అతని పని. మేడ్చల్‌లో బస్సు దిగేసరికి మాత్రం శాస్త్రవేత్త అయిపోయేవాడు.

"కలలు సాక్ష్యం కాదు బావా. ఆదివారం ఎందుకు పోతలేవు? దొంగకు ఆదివారం సెలవు. అంటే సర్కారు నౌకరి."

"ఎదురింటి ఎలీషమ్మోళ్ళను అడిగి చూద్దమా? ఆమె జల్దీ లేస్తది, ఏమన్న చూసిందేమో."

"వాళ్ళను లెక్కలకెల్లి తీసెయ్. చర్చికి పోయేటోళ్ళకు శివుని పూలతోని ఏం పని?" అంటూ బాలేష్ జేబులోంచి ఒక పొట్లం తీశాడు. "కెమికల్ దుకాణంల కొన్న. లంచం తినేటోన్ని పట్టనీకి నోట్లకు గీ పొడి రాస్తరు. తర్వాత వాని చేతులు సోడానీళ్ళల్ల ముంచిపిస్తరు. రంగు మారిందా, ఇగ వాడు తప్పించుకోలేడు. కోర్టుల గూడ నిలుస్తది."

"తీసుకున్న చేయి ఏదో, ఇచ్చిన చేయి ఏదో నీ నీళ్ళు చెప్తయారా?"

"గది కోర్టు చూసుకుంటది బావా."

ఆ సాయంత్రం గౌరయ్య షిఫ్టుకు వెళ్ళాక, బాలేష్ మొగ్గల మీద ఆ తెల్లపొడి అద్దాడు. తెల్లపూల మీద తెల్లపొడి కంటికి ఆనలేదు. కాపలా కాయడం పాత పద్ధతి అని చెప్పి హాయిగా పడుకున్నాడు.

తెల్లవారుజామున గౌరయ్యకు అమ్మ కనిపించింది, కొంగు పట్టింది, దీవించి మంచులో కలిసిపోయింది. ఆ వెనకే బాలేష్ గొంతు వినబడింది. "బావా! పూలు పోయినయ్!" అని అరుస్తున్నాడు, కొడుకు పుట్టినంత సంబరంగా.

రుక్కమ్మ నీళ్ళ కోసం వీధి చివరి నల్లా దగ్గరికి పోయింది. బాలేష్ గౌరయ్యను స్నానం కాదు కదా, పళ్ళపుల్ల కూడా ముట్టనివ్వలేదు. "ముందు పరీక్ష. ఎవ్వలు చేతులు కడగొద్దు." బకెట్లో బట్టలసోడా కలిపి, గాజు గ్లాసులు పేర్చి, గేటు ముందు నిలబడి కేక పెట్టాడు. "చేతుల పరీక్ష! ఫిరీ పరీక్ష! అందరు రావాలె!"

ఫ్రీ అనేసరికి వీధి కదిలింది. మొదట పక్కింటి కామేశ్వరి వచ్చి వేళ్ళు ముంచింది. మసక వెలుతురులో గ్లాసు ఎర్రబడింది.

"దొరికింది!" అని బాలేష్ గంతేశాడు. "పూలదొంగ!"

"ఎవల్ని దొంగంటున్నవ్? నా ఇంట్ల మల్లెచెట్టు లేదా? నీ మూతికి పూలొక్కటే తక్కువ!"

ఆమె మాట పూర్తికాకముందే పాలు పోసే పర్వతాలు చేయి పెట్టాడు. అదీ ఎర్రనే. కర్ర పక్కన పెట్టి ముసలి బక్కయ్య ముంచాడు. అదీ ఎర్రనే. "పండ్లు లేనోన్ని, పూలేం జేసుకుంటర బిడ్డా?" అని బక్కయ్య నివ్వెరపోయాడు. బాలేష్ మాత్రం ఎర్రనీళ్ళను సీసాల్లో పోసి, మూతల మీద కొవ్వొత్తి కరిగించి సీలు వేస్తూనే ఉన్నాడు. "ముఠా బావా, ముఠా!"

వీధి చివరికి చేరేసరికి ఆ వార్త మరో రూపం కట్టింది. గౌరయ్య గేటు కాడ చేయి ముంచితే చేసిన పాపం నెత్తురోలె దిగుతాందట! గౌడవెల్లి నుంచి సైకిళ్ళ మీద ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు ఆగారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. వరస పెరిగింది. ముందుకొచ్చినకొద్దీ చాలామందికి అర్జెంటు పనులు జ్ఞాపకం వచ్చి, వరస తగ్గింది. కామేశ్వరి గేటు ముందు చతికిలబడి ఏడుస్తోంది. ఇరవై ఏళ్ళుగా కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న ఇల్లది. దేవుడితో మాట నిలబెట్టుకోబోతే మనుషులు పోయేట్టున్నారని గౌరయ్యకు కళ్ళు చెమర్చాయి.

అప్పుడొచ్చింది రుక్కమ్మ, చంకలో బిందెతో.

"ఏందిర ఇది?"

బాలేష్ శాస్త్రం మొత్తం చెప్పాడు. రుక్కమ్మ బిందె దించి, తన పసుపు పాదాన్ని సోడానీళ్ళతో తడిపింది. పాదం ఎర్రబడింది.

"నా కాలు గూడ పూలు తెంపిందా? ఇయ్యాల శుక్కురారం. కామేశ్వరి గడపకు పసుపు రాసింది. పర్వతాలు బర్రె పుండుకు పసుపు పెట్టిండు. బక్కయ్య తాత దగ్గుకు పసుపుపాలు కలుపుకున్నడు. పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రగైతదని బట్టలుతికే ప్రతి ఆడదానికి ఎరుకే. మీ ల్యాబుల బట్టలుతికేటోళ్ళు లేరా?"

నవ్వులు పేలాయి. బాలేష్ సీసాలను ఒక్కొక్కటిగా వీపు వెనక్కు జరిపాడు. కామేశ్వరి మాత్రం నవ్వలేదు. "అందరివీ అయినయ్ గద. మీ బావవి గూడ ముంచిపియ్."

"అగో, ముంచుత చెల్లె. ఇంక పసుపు ముట్టనే లేదు నేను," అని గౌరయ్య రెండు చేతులూ పెట్టాడు.

అప్పటికి ఎండ వచ్చింది. నీళ్ళు ఎర్రబడలేదు. నిగనిగలాడే రాణిరంగు తిరిగాయి, పెళ్ళిచీర అంచులాగా. బాలేష్ గ్లాసును ఎండకు ఎత్తి చూశాడు. "బావా... గిది పసుపు కాదు. గిదే అసలు రంగు."

గౌరయ్య తన చేతుల వైపు పరాయివాడి చేతులన్నట్టు చూశాడు. తన ఇంట్లో తనే దొంగా?

సరిగ్గా అప్పుడు ఎదురింటి ఎలీషమ్మ తెల్లచీరలో, బైబిలు పట్టుకుని ప్రార్థన నుంచి తిరిగి వచ్చింది. "ఏమైందన్నా? పొద్దున పూలు పోసినప్పుడు మంచిగనే ఉంటివి గద!"

"నేనా? పోసిన్నా?"

"దినాం పోస్తవ్ గదన్నా! మొదటిదినం చర్చిల పెట్టనీకి నాలుగు పూలడిగితే దోసిళ్ళతోని పోసి, దండం గూడ పెడితివి. మస్తు సిగ్గనిపించింది నాకు. ఈస్టరుకు ముందు మాకు శ్రమల దినాలు, నలభై రోజులు తెల్లారకముందే ప్రార్థన. ఆదివారం లెక్కల రాదు, గందుకే ఆ దినం అడుగ. పూలిచ్చినోళ్ళ పిల్ల అని భవిత పేరు జెప్పి అందరం ప్రార్థన జేస్తున్నం. ఇయ్యాల ఇరవై ఒకటో దినం. ఒక్క దినం తప్పలే నువ్వు."

బాలేష్ అలవాటుగా గ్లాసు ముందుకు జరిపాడు. ఎలీషమ్మ వేళ్ళు ముంచింది. అదే రాణిరంగు.

గౌరయ్య లెక్కలో సున్నా, ఆమె లెక్కలో ఇరవై ఒకటి. భవిత గడపలోకి వచ్చి, "నాయినా, ఆకలైతాంది," అంది. రుక్కమ్మ నుదురు ముట్టి చూసింది. చల్లగా ఉంది.

"ఇగ ఏ లెక్క పట్టుకోవాల్నే?" అన్నాడు గౌరయ్య మెల్లగా.

"జరుగుతున్న లెక్క పట్టుకో," అంది రుక్కమ్మ. "ముందు కామేశ్వరికి చాయ్ పొయ్యి."

మరునాటి నుంచి గౌరయ్య అలారం పెట్టుకుని, మెలకువతోనే చెట్టు పూలు రెండు పాళ్ళు చేశాడు. నిద్రలో ఇచ్చినప్పుడు గౌరయ్యన్న దోసిలి ఇంకా పెద్దగుండేదని ఎలీషమ్మ రుక్కమ్మతో చెప్పింది.