సైదులు తుంటిగాయ విజయము

శ్రీమత్సమస్త సర్కారీ కాగితాలకు ఒక దండం! ఆ కాగితాలపై దబదబ పడే ముద్రలకు రెండవ దండం! ముద్రల వెనుక కునుకు తీసే గుమాస్తా మహాశయులకు మూడవ దండం! నిజాము జెండా దిగి, పోలీసు చర్య ముగిసిన రెండవ వేసవిన, గుట్టల మీద తుపాకులు పట్టిన ఎర్రజెండా సంగపోళ్లు, గుట్టల కింద మిలిటరీ క్యాంపులు, నడుమ గొర్రెలు బిక్కుబిక్కుమంటూ ఉన్న కాలంలో, ప్రచండ మార్తాండుడు దేవరకొండ బండలను పెనాలు చేసి కాలుస్తుండగా, దిండి వాగు నీటిచుక్క ఊసే మరచి ఇసుకై పడి ఉండగా, యదుకుల దీపకుడు, బర్మా రణరంగ కంచరగాడిదల సారథి, దక్షిణ తుంటి క్షతాంకితుడు, డెబ్బైరెండు గొర్రెలకు ఏలిక అయిన సైదులు గాయాల బోర్డుపై రెండవ దండయాత్రకు బయలుదేరాడు. మూడు గొర్రెలు మేత లేక మొన్ననే చచ్చాయి గనుక అరవైతొమ్మిదికి ఏలిక అందాం, అబద్ధమెందుకు! వెంట ధర్మపత్ని గోపమ్మ సద్దిమూట నెత్తిన పెట్టుకొని నడిచింది.

రెండవ దండయాత్ర ఎందుకంటే, మొదటి దానిలో మహావీరుడు చిత్తుగా ఓడాడు.

ఆ గాయం సంగతి వినండి. బర్మా అడవిలో బాంబులు పడిన నాడు, తక్కిన కంచరలన్నీ పరుగెత్తగా ఒక్కటి మాత్రం కాళ్లు పాతుకొని మొరాయించింది. దాని ముక్కుతాడు పట్టి లాగడానికి సైదులు శత్రువుకు వీపు తిప్పవలసి వచ్చింది. అదే అదనుగా ఒక ఇనుప పెచ్చు వచ్చి, పదిమందిలో చెప్పదగిన చోటికీ చెప్పరాని చోటికీ సరిగ్గా సరిహద్దున దిగబడింది. వీరుడికి గాయం రొమ్మున ఉండాలంటారు పెద్దలు. ఆ పెద్దలెవరూ కంచరను లాగి ఎరుగరు.

యుద్ధం ముగిసి ఇంటికొచ్చాడు, బాగానే ఉన్నాడు. అంతలో పోలీసు చర్య వచ్చింది. మిలిటరీ వాళ్లు ఊరూరా మగవాళ్లను వరుసన నిలబెట్టి, బట్టలు తొలగించి, ఒంటిమీద గాయం మచ్చ కనబడితే చాలు, సంగపోడివని లారీ ఎక్కిస్తున్నారు. పక్క ఊరి కబురు చెవిన పడిన పొద్దే గోపమ్మ కొడవలి మొన ఎర్రగా కాల్చి, మొగుణ్ణి బోర్లా పడేసి, ఆ మచ్చ మీద తుంటినొప్పికి పెట్టినట్టే అడ్డంగా వాత పెట్టేసింది. సిపాయిలు వచ్చారు, చూశారు, నవ్వారు, పొమ్మన్నారు. ఆహా, ఏమి సాహసం! ఏమి ఉపాయం! కాని ఏం లాభం? ఆనాడు ప్రాణం కాచిన వాతే ఈనాడు కొంప ముంచింది.

ఎట్లాగంటారా? సంగపోళ్లు దాక్కుంటారని సర్కారు అమ్రాబాదు అడవిని మూసివేసింది. బయట గడ్డిపరక లేదు. యుద్ధంలో గాయపడ్డ సిపాయికి మాత్రం, గాయానికి నూటికి ఒక్కవంతు అంగవైకల్యం పడినా చాలు, అడవిలో మేపుకొనే పర్వానా ఇస్తామన్నారు. సైదులు మొదటిసారి పోతే, బోర్డువారు రెండు గజాల దూరం నుంచే చూసి, ‘నాటువాత. యుద్ధగాయం కాదు. సున్నా’ అని రాసిపారేశారు. అప్పీలుకు ఈ రోజే ఆఖరు గడువు.

బోర్డు కొలువుదీరిన డేరాకు ద్వారపాలకుడు గుమాస్తా ఎల్లేశం. కుర్చీలో ఒరిగి, ఒక కన్ను మాత్రమే తెరిచాడు.

"మల్ల అచ్చినవాయె? సున్న వడ్డంక అప్పీలేందే? సున్నలకెల్లి ఏం దీస్తవ్?"

"సారూ, గా సున్నను నా గొర్లు మేస్తయా? మేస్తె జెప్పు, గీన్నుంచే వాపసు వోత."

ఎల్లేశం రెండవ కన్ను కూడా తెరవక తప్పలేదు. వేలిముద్ర వేయించుకొని లోపలికి తోలాడు. గోపమ్మ డేరా గుడ్డ పక్కనే నిలబడింది.

లోపల కోస్తా నుంచి వచ్చిన కెప్టెన్ డాక్టరు బల్ల వెనుక ఆసీనుడై ఉన్నాడు. ఇటు ఒక తుపాకి సిపాయి, అటు ఒక తుపాకి సిపాయి. సైదులు గొంగడి సర్దుకొని, రొమ్ము విరిచి, మేఘగంభీర స్వరంతో ఆరంభించాడు.

"దొరా! పద్నాలుగు కంచర్లను బర్మ గుట్టలెక్కిచ్చినోణ్ణి! బాంబులు వడగండ్ల లెక్క వడ్తుంటె ముక్కుతాడు ఇడువనోణ్ణి! గీ సైదులు ఎన్నడన్న..."

"కథ తర్వాత చెబుదువుగాని, పంచె జరుపు," అన్నాడు డాక్టరు.

మళ్లీ రెండు గజాల దూరం. గొర్రెల వాసనకు ముక్కు మీద రుమాలు. "ఇది వాతేనయ్యా. ఎవరు పెట్టారు?"

బర్మాను దద్దరిల్లజేసిన ఆ నోరు టక్కున మూతబడింది. నిజం చెబితే మిలిటరీని మోసం చేసిందని గోపమ్మను పట్టుకుపోతారు. అరవైతొమ్మిది గొర్రెలు ఒకవైపు, గోపమ్మ ఒకవైపు. సైదులు రెప్పపాటు కూడా తూకం వెయ్యలేదు.

"తెల్వదు దొర. నా ఎనుక నేనెన్నడు సూస్కోలే."

"అయితే మునుపు రాసిందే సరి," అని డాక్టరు కలం ఎత్తాడు.

అప్పుడు డేరా గుడ్డను ఒక్క తోపు తోసి గోపమ్మ లోపలికి వచ్చింది.

"నేనే వెట్టిన! మీ పటాలపోళ్లు మొగోళ్ల బట్టలిప్పి మచ్చలెతుకుతుంటె, గీయన్ని సంగపోడని కొండవోతరని బుగులైంది. కొడవలి గాల్చి నేనే వెట్టిన. నన్ను కట్టేస్తె కట్టేయున్రి. గని కింది మచ్చ మాత్రం లడాయిదే. ఏంది దొరా, గంత దూరంకెల్లి సూస్తె ఏం దెలుస్తది? మేం గొర్రెను సూసి కొంటమా? బొచ్చుల చెయ్యి వెట్టి కొంటం!"

సిపాయిలు తుపాకులు సర్దుకున్నారు. సైదులుకు బర్మాలో కూడా కలగని భయం కలిగింది. ఒక చేత్తో పంచె పట్టుకొని, రెండవ చెయ్యి అడ్డం చాచి పెళ్లాం ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ భంగిమలో ఏ శిల్పీ ఏ వీరుణ్ణీ చెక్కి ఉండడు.

డాక్టరు వారిద్దరినీ ఒకసారి చూసి, రుమాలు జేబులో పెట్టి లేచి వచ్చాడు. గొర్రె కాలిలో ముల్లు వెతికే నేర్పుతో గోపమ్మ ఆయన వేలు పట్టుకొని వాత మీద ఆనించింది.

"ఇంక జర కిందికి. గట్టిగ వత్తు."

"అవ్వో!" అని సైదులు పెట్టిన కేకకు బయట ఎల్లేశం కుర్చీలోంచి జారిపడి, లేచి లోపలికి ఉరికొచ్చాడు. డాక్టరు వేలి కింద శనగగింజంత గట్టిది అటూ ఇటూ కదిలింది.

"ఇనుమే," అన్నాడు డాక్టరు మెల్లగా. "వాత ఎవరు పెట్టారో నేనడగలేదు, నువ్వు చెప్పలేదమ్మా. ఎల్లేశం, అది రాయకు. నూటికి పది అని రాయి. ఏమయ్యా, నడవగలవా?"

విజయగర్వం తలకెక్కిన వీరుడి నోరు ఊరుకుంటుందా? "నడుసుడా! దినాం ఆరు కోసులు నడుస్త దొరా!"

"అయితే ఐదు. గుట్ట ఎక్కలేవు కదా?"

"ఉరుక్కుంట ఎక్కుత!"

"మూడు. బరువులు?"

"సూడి గొర్రెను బుజానేసుకొని..."

"ఒకటి," అన్నాడు డాక్టరు. గోపమ్మ వీరుడి డొక్కలో కసిదీరా గిచ్చింది. నోరు మూతపడింది. సున్నాకు ఒక్క మెట్టు పైన లెక్క ఆగింది. ముద్ర దబ్బున పడింది.

జయము! జయము! కోటలు కూలలేదు, రాజ్యాలు మారలేదు. దక్షిణ తుంటి మహాసంగ్రామంలో యదువీరుడు సైదులు నూటికి అక్షరాలా ఒక్కవంతు అంగవైకల్యం సాధించాడు!

మర్నాడు అడవి చౌకీలో జవాను పర్వానా చదివి గేటు తెరిచాడు. అరవైతొమ్మిది గొర్రెలు తలలు వంచుకొని పచ్చికలోకి పోయాయి. సైదులు కాగితం గొంగట్లో దాచుకొని పెళ్లాం వైపు చూశాడు.

"నూటికొకటి నాదైతే, కడమ తొంభైతొమ్మిది నీయే గోపీ," అన్నాడు.

"నాయి నాకు దెలుసు గని," అన్నది గోపమ్మ కళ్లు తుడుచుకుంటూ, "నువ్వు ఇంక రేపటిసంది సర్కారోళ్ల ముంగట జర కుంటు."