చెవక్క చేతికి గోల్ఫ్ వాచీ

మా పట్టణ నీటి సరఫరా శాఖ సిబ్బందిలో సగంమంది గోల్ఫ్ ఆటగాళ్లని, వారిలో కొందరు ప్రపంచస్థాయి వారని ఇటీవల అధికారికంగా తేలింది. మా పట్టణంలో గోల్ఫ్ మైదానం లేదు. అన్నిటికన్నా దగ్గరది రెండు వందల పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. శాఖలో దాన్ని చూసినవారు ఎవరూ లేరు. ఆడి గెలిచేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. ఆడకుండా గెలవడం మా వాళ్లకే చెల్లింది.

ఇదంతా ఒక చిన్న కాగితంతో మొదలైంది. బయట తిరిగే ఉద్యోగులు ఎప్పుడు ఎక్కడ ఉంటున్నారో తెలుసుకోవాలని శాఖకు కోరిక పుట్టింది. స్టోరు కీపరు ఒక కాగితం తీసుకుని ‘జీపీఎస్ వాచీలు, అరవై’ అని రాసి పంపించాడు. ఏ రకమో రాయలేదు. వాచీల్లో రకాలేమిటి, ఏది చూసినా టైము ఒకటేగా అని ఆయన వాదన. అట్టపెట్టెలు వచ్చాయి. విప్పి చూస్తే ముప్పై పరుగు పందేలవాళ్లవి. ముప్పై గోల్ఫ్ ఆడేవాళ్లవి.

ఇంకొకరైతే పెట్టెలు వెనక్కి పంపేవారు. పెద్ద ఇంజనీరుగారు కమిటీ వేశారు. ‘రెండు రకముల వాచీల తులనాత్మక పరిశీలనా సంఘం’ దాని పేరు. అధ్యక్షులు వారే. సభ్యుడు స్టోరు కీపరు. మూడో కుర్చీ నిపుణుడి కోసం ఖాళీగా ఉంచారు. చివరిదాకా ఆ కుర్చీ ఒక్క అభ్యంతరం కూడా చెప్పలేదు కాబట్టి నివేదిక ఏకగ్రీవమైంది.

నివేదికలో ముఖ్యమైన ముక్క ఇది: ‘రన్నింగు వాచీ మనిషి కదలకపోతే మొత్తుకొనును. గోల్ఫ్ వాచీ మనిషి చెయ్యి విసిరితే లెక్క వేసుకొనును. మొదటిదానిలో అంకె పెరిగిన కొలదీ ప్రతిభ. రెండవదానిలో అంకె తగ్గిన కొలదీ ప్రతిభ. కావున కుర్చీలో ఉండు వారికి మొదటిది, వీధిలో ఉండు వారికి రెండవది ఇచ్చినచో ఉభయులకూ న్యాయము జరుగును.’ గోల్ఫ్ అంటే గుంతల ఆట, మనదీ గుంతలు తవ్వే శాఖే, ఇంతకంటే పొంతన ఎక్కడ దొరుకుతుందని కింద స్టోరు కీపరు సొంతంగా ఒక వాక్యం చేర్చాడు. పెద్ద ఇంజనీరుగారు ఆ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసి ‘భేష్’ అని రాశారు.

రన్నింగు వాచీలు ఆఫీసులో పంచారు. ఫలితాలు వెంటనే కనిపించాయి. రబ్బరు ముద్ర వేసే ప్రతిసారీ వాచీ ఒక అడుగు లెక్కేస్తుందని గుమాస్తాలు మొదటి రోజే కనిపెట్టారు. అర్జీని మంజూరు చేస్తే ఒక ముద్ర. తిరస్కరిస్తే మూడు ప్రతులు, మూడు ముద్రలు. ఆ నెలలో తిరస్కరణ గుమాస్తా సీట్లోంచి లేవకుండా నూట తొంభై కిలోమీటర్లు నడిచాడు. పెద్ద ఇంజనీరుగారు వాచీ కట్టుకుని జీపు ఎక్కారు. నలభై రెండు కిలోమీటర్లు యాభై ఒక్క నిమిషాల్లో పరుగెత్తినట్టు వాచీ చెప్పింది. అంతటి పరుగు తర్వాత డెబ్బై రెండు గంటలు విశ్రాంతి తప్పనిసరి అని కూడా అదే చెప్పింది. వారు క్రమశిక్షణ గల మనిషి. వాచీ మాట జవదాటలేదు. మూడు రోజులు సెలవు, ఒక రోజు జీపు, మళ్లీ మూడు రోజులు సెలవు. నెలలో ఏడు మారథాన్లు పూర్తి చేసిన ఏకైక ఇంజనీరు వారే.

ఇక గోల్ఫ్ వాచీలు. ఇక్కడ చెవక్క గురించి చెప్పాలి.

చెవక్క ఉద్యోగం వినడం. నాలుగడుగుల ఇనప కడ్డీ ఒక కొస రోడ్డు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కింద గొట్టంలో నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చెబుతుంది. ఆమె సుద్దముక్కతో సున్నా చుట్టిన చోట ఆమె మరిది గునపం దించుతాడు. సున్నా దాటి జానెడు అవతల తవ్వాల్సిన అవసరం పదకొండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. పదకొండేళ్లుగా ఇద్దరూ తాత్కాలిక ఉద్యోగులే. శాఖ ఎవరినీ తొందరపడి నమ్మదు.

ఇనుముకు ఆనించీ ఆనించీ ఆమె కుడి చెవి మందగించింది. ఈ సంగతి అప్పట్లో డాక్టరుకీ మరిదికీ తప్ప ఎవరికీ తెలియదు. ఎడమ చెవికి మరో ఏడాది గడువిచ్చాడు డాక్టరు. ఈలోగా పర్మనెంటు అయితే కుర్చీలో కూర్చునే పని వస్తుంది, మిగిలిన చెవి మిగులుతుంది. కాకపోతే, వినపడని చెవక్కను ఎవరు పెట్టుకుంటారు?

సరిగ్గా అప్పుడే ఉత్తర్వు వచ్చింది. తాత్కాలిక జట్లు ఆరు. ఇద్దరేసి మనుషులు, ఇద్దరి చేతులకూ గోల్ఫ్ వాచీలు. మొదటి నెల సాధన. రెండో నెల పోటీ. ఆ నెలాఖరుకు ఎవరి దెబ్బలు తక్కువో ఆ జట్టు పర్మనెంటు. మిగతా అయిదు జట్లు ఇంటికి. వాచీ విప్పితే ‘ఆట విరమించారు’ అని నమోదవుతుంది, దాన్ని రాజీనామాగా పరిగణిస్తారు.

సాధన నెలలో చెవక్క జట్టు నలభై మూడు లీకులు ఆపింది. పదకొండు వేల ఆరువందల దెబ్బలు. వాచీ తయారుచేసిన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంత దారుణంగా ఆడిన మనిషి తమ చరిత్రలో లేరని, ఆటకు కొత్తయితే శిక్షకుణ్ని పెట్టుకోవడం మంచిదని రాశారు. పెద్ద ఇంజనీరుగారు, అది విశ్రాంతి దినం కాకపోవడంతో, స్వయంగా పిలిపించారు.

“చూడమ్మా, ఆ మూడో జట్టుని చూసి నేర్చుకో. నెలంతా కలిపి ముప్పై ఒక్క దెబ్బ! ఎంత నైపుణ్యం!”

“వాళ్లు పంపుహౌసులో పడుకున్నారు సార్.”

“ఎక్కడ పడుకున్నారన్నది వాచీ అడగలేదు. ఎన్ని కొట్టావన్నదే అడిగింది.”

బయటికొచ్చాక మరిది గునపం భుజాన వేసుకుంటూ అన్నాడు. “వదినా, దీన్ని ఇంట్లో దాచేద్దాం. నాకు చెయ్యి ఊరుకోదు.”

“నోరు ఊరుకుంటే చాల్లేవయ్యా. ముందు పద.”

“నీకేం వదినా, నువ్వు వింటే దెబ్బ పడదు. నేను తుమ్మినా పడుతోంది. నిన్న దోమని కొడితే రెండు వేసింది.”

“ఒక దోమకి రెండెందుకు వేసింది?”

“మొదటిది తగల్లేదు.”

పోటీ నెల మొదలైంది. గునపాలు ఆగిపోయాయి. చెవక్క మాత్రం రోజూ తిరుగుతూనే ఉంది. విన్న చోటల్లా సున్నా చుట్టి, పక్కన తేదీ వేసి వెళ్లిపోయేది. మెల్లగా గీస్తే వాచీ పట్టించుకోదు. పదిహేను రోజుల్లో పట్టణం నిండా తెల్ల సున్నాలు లేచాయి. ఇది ఏదో అలంకరణ అనుకుని మేం ఫొటోలు తీసుకున్నాం. తవ్వకాల్లేవు, దుమ్ము లేదు. లీకుల మరమ్మతుల పట్టికలో సున్నా కనబడగానే, లీకులే సున్నా అయ్యాయని శాఖ ప్రకటించింది. కుళాయిల్లో నీళ్లు కూడా దాదాపు ఆ అంకె దగ్గరికే వచ్చాయి కాబట్టి ఎవరం అనుమానించలేదు. ‘గునపం ఎత్తకుండా గెలిచిన శాఖ’ అని పేపర్లో రాశారు. మా నాలుగో వీధి సంఘం అధ్యక్షులు, రిటైరైన లెక్కల మాస్టారు, ఆ ముక్క కత్తిరించి నోటీసు బోర్డుకి అంటించారు.

నెల ఆఖరి రోజు. ఉదయం పది. చెవక్క జట్టు లెక్క పద్దెనిమిది. మూడో జట్టు ఇరవై ఆరు. ఇంకో ఏడు గంటలు ఊరికే నిలబడితే చాలు.

చెవక్క మా వీధిలో, మాస్టారి గేటు ముందు, కడ్డీ ఆనించింది. ఎడమ చెవి పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. మరిదిని పిలిచి వాడి చెవి పెట్టించింది.

“వదినా... ఇది లీకు కాదు. ఏరు.”

“కింద మట్టి పోయింది. రోడ్డు ఉత్త పెంకులా నిలబడుంది.”

“సున్నా చుట్టెయ్. రేపొద్దున్నే తవ్వుదాం. రేపటికి ఈ పీడా పోతుంది.”

“రేపటిదాకా ఆగేట్టు లేదయ్యా.”

“తక్కువలో తక్కువ రెండొందల దెబ్బలు. నీ చెవి సంగతి ఆలోచించావా?”

ఆమె వాచీ చూసుకుంది. వాచీ ఎప్పటిలాగే ‘గుంతకు దూరం: రెండు వందల పన్నెండు కిలోమీటర్లు’ అంటోంది.

“ఉన్నది ఒక్కటే చెవి. అది విన్నది ఇదీ. వినపడనట్టు నటించడానికా దాన్ని దాచుకునేది? కొట్టు.”

మరిది కొట్టాడు. ఒకటి. రెండు. మూడు. వేసి ఇరవై రోజులైనా కాని మా కొత్త రోడ్డు మీద! నాలుగో దెబ్బకి కిటికీలు తెరుచుకున్నాయి. అయిదో దెబ్బకి గుమ్మాలు. ఏడో దెబ్బకి వీధంతా అక్కడ ఉంది. ముప్పైమందికి తక్కువ లేం.

“ఆపమ్మా! ఆపు!” మాస్టారు గేటు తీసుకుని వచ్చేశారు. “ఎవరిచ్చారు నీకు పర్మిషను?”

“కింద ఖాళీ అయిపోయింది మాస్టారూ. మీ ఇంటి ముందే. ఒక్కసారి మీరే వినండి.” ఆమె కడ్డీ ఆయన చేతికి ఇవ్వబోయింది.

ఆయన కడ్డీ వైపు చూడలేదు. మరిది చేతి వాచీ వైపు చూశారు. లెక్కల మనిషి కదా. “ఇరవై అయిదు! చూశారా అందరూ? తక్కువ కొట్టినవాళ్లే పనిమంతులని పేపర్లో అంత స్పష్టంగా రాస్తే, ఈవిడ మన వీధికొచ్చి చేతకానితనం చూపిస్తోంది!”

“ఎవరైనా ఒక్కరు వినండమ్మా,” అంది చెవక్క. కడ్డీ మా అందరి ముందూ తిప్పింది.

దానికి తుప్పు ఉంది. పైగా వంగాలి. మేం అరిచాం. రోడ్డు అని అరిచాం, పన్నులు అని అరిచాం, పై అధికారి నంబరు ఇమ్మని అరిచాం. కిటికీల్లోంచి కూడా అరిచాం. మాస్టారు వెళ్లి తవ్విన చోట రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డారు. ఇక గునపం ఎక్కడ దింపుతాడు? మరిది దాన్ని భుజానికెత్తుకున్నాడు. చెవక్క సుద్దముక్క తీసి మాస్టారినీ, ఆయన గేటునీ, గోడనీ కలుపుకుని ఒక పెద్ద సున్నా గీసి, తేదీ వేసి, వెళ్లిపోయింది.

ఇరవై అయిదు, ఇరవై ఆరు. ఒక్క దెబ్బ తేడాతో చెవక్క జట్టు గెలిచింది. ఇంకో రెండు పడి ఉంటే ఆమె ఉద్యోగం ఊడేది. ఆ రెండూ పడకుండా ఆపింది మేమే. మా వీధి సంఘం దీన్ని ఏనాడూ చెప్పుకోలేదు, ఇప్పుడు సందర్భం వచ్చింది గనుక చెబుతున్నాను.

సన్మాన సభ ఘనంగా జరిగింది. పెద్ద ఇంజనీరుగారు ప్రసంగించారు. “శ్రమించేవాడు శ్రామికుడు. శ్రమ లేకుండా చేసేవాడు నిపుణుడు. ఈ సోదరి నెల తిరక్కుండానే పదకొండు వేల నుంచి ఇరవై అయిదుకి ఎదిగింది. వచ్చే ఏడాదికి మనమంతా సున్నాకి చేరాలి!” ముందు వరసల్లో రన్నింగు వాచీలవాళ్లు చప్పట్లు మోగించారు, చేతులు కలిసినప్పుడల్లా ఒక అడుగు మరి. వెనక వరసల్లో గోల్ఫ్ వాచీలవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పర్మనెంటు ఉత్తర్వు అందుకోడానికి చెవక్క చెయ్యి చాచినప్పుడు దెబ్బ పడిందా లేదా అన్నది పరిశీలనలో ఉంది.

ఆ తవ్వకం ఆగిన పదకొండో రోజున మా నాలుగో వీధి కుంగి కూర్చుంది. పొద్దున్న ఎవరూ బయట లేని సమయం కావడంతో మాస్టారి ప్రహరీ గోడ, గేటు, నోటీసు బోర్డు మాత్రమే లోపలికి వెళ్లాయి. సుద్ద సున్నా గీత ఉన్నచోటే అంచు. ఆ రోజుకి అవతలికి జానెడు కూడా జరగలేదు. ఇప్పుడక్కడ ఇసుక ఉంది, నీళ్లున్నాయి, చుట్టూ కాస్త గడ్డి కూడా మొలిచింది. ఉపగ్రహం పైనుంచి చూసి గోల్ఫ్ మైదానమే అనుకుందో ఏమో గాని, మొన్న వాచీల్లో పటం మారింది. సిబ్బంది ఎవరైనా మా వీధిలోకి వస్తే ‘గుంతకు దూరం: సున్నా’ అంటోంది. పెద్ద ఇంజనీరుగారు జీపులో ఒకసారి దాని చుట్టూ పరుగెత్తి, ప్రస్తుతం విశ్రాంతి తీసుకుంటున్నారు.

చెవక్కకు కుర్చీ పని వచ్చింది. ఫిర్యాదుల విభాగంలో ఫోను ఎత్తాలి. ఆ ఫోను తీగ పొట్టిది. కుడి చెవి వరకే అందుతుంది. తీగ మార్చమని ఆమె పెట్టిన అర్జీకి మూడు ముద్రలు పడ్డాయి.

మేం రోజూ ఫోను చేస్తున్నాం. గుంత పెరుగుతోందని, మాస్టారి వసారా మెట్టు కూడా పగుళ్లిచ్చిందని చెబుతున్నాం. ఆమె ఓపిగ్గా, మర్యాదగా అంటుంది. “కాస్త గట్టిగా చెప్పండమ్మా, వినపడట్లేదు.”

గట్టిగానే చెబుతున్నాం. కాకపోతే ఆ రోజు మాస్టారి గేటు ముందు అరిచినంత గట్టిగా మాలో ఎవరికీ మళ్లీ గొంతు రావడం లేదు.