తోక కొవ్వు వియ్యం

శనివారం ఉదయం పది గంటలకు జుమాలీ గుర్రాలతో వచ్చేస్తాడు. ఆ లోపల షుమ్‌కార్ పాదాలు సిద్ధంగా ఉండాలి. సంగతి తుర్సునాయ్‌కి తెలియకూడదు. ఓస్మోన్ వేసుకున్న పథకం మొత్తం ఇంతే. ఇందులో బెడిసికొట్టడానికి ఏముంది అని అతను నిజంగానే అనుకున్నాడు.

షుమ్‌కార్ అతని వేటకుక్క, తైగన్ జాతిది. సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు, నక్క కనిపిస్తే ఆగని పరుగు. లోపమల్లా పాదాలే. కిందటి చలికాలం, ఎండకు కరిగి మళ్లీ గడ్డకట్టిన మంచు పెళ్లలు కొండ మీద దాని పాదాలను కోసేశాయి. వేళ్ల సందుల్లో మంచు ఉండలు కట్టింది. నక్క అటు పోయింది, కుక్క ఇటు కూలబడింది. దాన్ని జీను మీద తన ముందు కూర్చోబెట్టుకుని ఓస్మోన్ ఊళ్లోకి దిగాడు. "ఏరా, కొత్త పెళ్లికూతుర్ని తెస్తున్నావా?" అని వేటగాళ్ల పెద్ద జుమాలీ అందరి ముందూ అడిగాడు. అంతటితో ఊరుకోలేదు. "ఇంకోసారి కుంటిందంటే నువ్వూ నీ కుక్కా పొయ్యి దగ్గర కూర్చోండి, మా వెంట రావద్దు" అని ఈ ఏడు ముందే చెప్పేశాడు.

ఆ మాట తలచుకుంటే ఓస్మోన్‌కు ఒళ్లు మండేది. అంతకన్నా ఎక్కువ భయం వేసేది. షుమ్‌కార్‌కు ఐదేళ్లు, పరుగెత్తాల్సిన వయసు. ఇప్పుడు ఇంట్లో కట్టేస్తే అది ఇక వేటకుక్క కాదు, గొలుసుకు కట్టిన దిగులు.

మందు అందరికీ తెలిసిందే. వేళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరించాలి. గొర్రె తోక కొవ్వు పట్టించాలి. పైన ఉన్ని బూట్లు తొడిగి తోలు వారుతో కట్టాలి. చిక్కల్లా భార్య తుర్సునాయ్‌తోనే. తన బూట్లకు చిల్లులు పడ్డాయని ఆమె రెండేళ్లుగా చెబుతోంది. "అలాగే, చూద్దాం" అని అతనూ రెండేళ్లుగా అంటున్నాడు. అలాంటి ఇంట్లో కుక్కకు నాలుగు బూట్లు కుట్టిస్తున్నానని నోరు తెరిచి చెప్పే మగవాడు ఆ లోయలో ఇంకా పుట్టలేదు.

అందుకే గురువారం నాడే ఓస్మోన్ పక్కింటి కాలిపా దగ్గరికి వెళ్లాడు. ఉన్ని కుట్టడంలో ఆమె చెయ్యి గొప్పది. నోరు అంతకన్నా గొప్పది.

"కాలిపా, చిన్న బూట్లు నాలుగు కుట్టిపెట్టాలి. ఇంత ఉంటే చాలు" అని పిడికిలి చూపించాడు.

"నాలుగా అన్నా?"

"నాలుగే. ఇంకోటి, రేపు మీ ఇంట్లో గొర్రెను కోస్తున్నారటగా? తోక కొవ్వు ఓ ముక్క కావాలి. కాస్త కార్జం కూడా."

కార్జం కుక్క పొద్దుటి తిండికి. ఆ మాట మాత్రం చెప్పలేదు. కాలిపా చేతిలో సూది ఆగిపోయింది.

"కొవ్వూ, కార్జమూ? రెండూనా?"

"రెండూ. శనివారం పదింటికి జుమాలీ వస్తాడు, ఆలోపే చేతికి అందాలి. మా ఇంట్లో ఒక్కరికి కూడా చెప్పకు. ఒట్టెయ్యి."

కాలిపా ఒట్టేసింది.

ఆ లోయలో తోక కొవ్వునూ కార్జాన్నీ ఒకే పళ్లెంలో పెట్టేది ఒక్క సందర్భంలోనే. పిల్లనిచ్చేవాళ్లూ తెచ్చుకునేవాళ్లూ ఆ రెంటినీ కలిపి ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటే సంబంధం ఖాయమైనట్టు. ఇక వెనక్కి పోవడం ఉండదు. ఇది ఓస్మోన్‌కూ తెలుసు. కానీ ఆ వారమంతా అతని బుర్రలో కుక్క పాదాలు తప్ప ఇంకేమీ లేవు.

కాలిపా బుర్ర మాత్రం ఖాళీగా ఉంది. ఓస్మోన్ కూతురు మేరిమ్ పట్నంలో బడిపంతులమ్మ. కడుపులో బాగోలేదని వారం కిందట ఇంటికొచ్చి, పులుసు తప్ప ఏమీ తాగకుండా పడుకుని ఉంది. జుమాలీకి పెళ్లికాని కొడుకున్నాడు, ఎర్మెక్. జుమాలీ శనివారం వస్తున్నాడు. పళ్లెంలోకి కొవ్వూ కార్జమూ కావాలి. పైగా పిడికెడంత బూట్లు, ఒక జత కాదు, రెండు జతలు. "కవలలు!" అని కాలిపా కళ్లు తుడుచుకుంది.

ఓస్మోన్ ఇంట్లో ఆమె ఒక్కరికీ చెప్పలేదు. ఒట్టు ఒట్టే. ఊళ్లో మిగిలిన ఇళ్లకు మాత్రం ఆ ఒట్టుతో సంబంధం లేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి కబురు జుమాలీ భార్య అసిల్‌కాన్‌కు చేరింది. ఆమె కొడుకును పిలిచి చెంప మీద ఒకటిచ్చింది. వెంటనే దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. రెంటికీ కారణం ఏమిటని ఎర్మెక్ అడిగేలోపే పెట్టె తెరిచి, కోడలికి పెట్టాల్సిన వెండి కమ్మలు తుడవడం మొదలుపెట్టింది.

శనివారం పొద్దున్న తుర్సునాయ్ ఆవు పాలు పితకడానికి వెళ్లగానే ఓస్మోన్ పని మొదలుపెట్టాడు. షుమ్‌కార్‌ను ముందుగదిలో పడుకోబెట్టి వేళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరించాడు. కొవ్వు ముక్క తీసుకుని ముందరి పాదాలు రెంటికీ బాగా రుద్దాడు. ఇంతలో పాల బిందె చప్పుడైంది. మిగిలిన కొవ్వును కార్జం పక్కన పళ్లెంలో పడేసి, బూట్లు చంకలో పెట్టుకుని, కుక్కతో వెనక తలుపు గుండా గుర్రపుశాలలోకి పారిపోయాడు.

ముందు తలుపు గుండా పట్టు రుమాలు చుట్టుకుని కాలిపా వచ్చింది. బల్ల మీద పళ్లెం చూసి నొచ్చుకుంది.

"ఇలాగేనా పెట్టేది, ముక్కలు కూడా కొయ్యకుండా! మగాళ్లకి ఏం చేతనవుద్ది?" అని కత్తి తీసి కొవ్వును, కార్జాన్ని పల్చగా కోసి వరసగా పేర్చింది.

ఓస్మోన్ నాలుగో బూటు వారు ముడేసి బయటికి వచ్చేసరికి వాకిలి నిండా జనం. వేటగాళ్లు ఐదుగురే రావాలి. వాళ్ల వెనక రొట్టెల మూటలతో పదిహేనుమంది ఆడవాళ్లున్నారు.

"ఏవయ్యా, ఏంటీ జనం?" అని తుర్సునాయ్ పాల బిందెతో అడిగింది.

"వేటకొచ్చారు."

"ఆడోళ్లు కూడానా? పట్టు రుమాళ్లతోనా?"

అంతలో అసిల్‌కాన్ వచ్చి ఆమెను బిందెతో సహా కావలించుకుంది. "వియ్యపురాలా! ఇద్దరంటగా! దేవుడు ఒకేసారి ఇచ్చాడు!"

"ఇద్దరేంటి? ఎవరికి?"

జుమాలీ గుర్రం దిగి నేరుగా ఓస్మోన్ మీదికి వచ్చాడు. "మూడ్రోజుల్నించీ పాదాలు పాదాలు అని నా ప్రాణం తీశావు. అసలు మాట ఒక్కటన్నా చెప్పావట్రా? నా పెళ్లాం చెబితే నేను తెలుసుకోవాలా?"

"ఏ మాట, అన్నా?"

కాలిపా పళ్లెం తెచ్చింది. అడిగిన నోరు మూతపడేలోపే జుమాలీ ఒక కొవ్వు ముక్కను కార్జంతో కలిపి అందులో కుక్కేశాడు. ఇంకో ముక్క తన నోట్లో వేసుకున్నాడు. ఆడవాళ్లు మిఠాయిలు చల్లారు.

ఓస్మోన్ పంటి కింద సన్నటి వెంట్రుక తగిలింది. అది ఎవరిదో అతనికి వెంటనే తెలిసింది. ఉమ్మితే అందరి ముందూ వియ్యంకుడి మొహాన ఉమ్మినట్టు. మింగితే కూతుర్ని ఇచ్చేసినట్టు. ఏం చెయ్యాలో తోచక బుగ్గలో పెట్టుకుని నిలబడ్డాడు. ఈలోగా పళ్లెం చేతులు మారుతూ ఖాళీ అవుతోంది.

దుప్పటి కప్పుకుని మేరిమ్ గుమ్మంలోకి వచ్చింది. "నాన్నా, ఎవరికి పెళ్లి?"

"నీకేనమ్మా" అంది కాలిపా.

"నాకా? ఎవరితో?"

"నాతోనట" అన్నాడు గేటు దగ్గర్నుంచి ఎర్మెక్. "నాకూ నిన్ననే తెలిసింది."

అప్పుడు గుర్రపుశాలలోంచి షుమ్‌కార్ వచ్చింది. కొత్త బూట్లు అలవాటు కాక ఒక్కో కాలూ ఎత్తెత్తి పెడుతూ, జనం మధ్యగా నడిచి వచ్చి, ఖాళీ పళ్లెం వాసన చూసింది. కాలిపా పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఓస్మోన్ బుగ్గలోని ముక్కను గుటుక్కున మింగేశాడు. ఇక ఆపుకోవడం అతని వల్ల కాలేదు. "దానివే ఆ బూట్లు! కొవ్వు దాని పాదాలకి! సగం రుద్దేశాను కూడా!"

జుమాలీ నమలడం ఆపాడు. "సగం రుద్దగా మిగిలిందా ఇది?"

"అదే."

"కుక్కకి నాలుగు బూట్లా?" అని తుర్సునాయ్ చాలా నెమ్మదిగా అడిగింది. ఆ నెమ్మదికి ఓస్మోన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

జుమాలీ మొహం జేవురించింది. "కుక్క కాళ్లకి రాసింది నాకు తినిపిస్తావా! అయిపోయింది. నువ్వూ రావద్దు, నీ కుక్కా రావద్దు!"

"నేను తినిపించానా? అడక్కుండా నా నోట్లో పెట్టిందెవరు? నీ నోట్లో వేసుకుందెవరు?" అని ఓస్మోన్ ఎదురు తిరిగాడు. "ఏడాదిగా ఈ ఒక్క రోజు కోసం చూస్తున్నానన్నా. దాని పాదాలు బాగుండాలనే కదా ఇదంతా చేసింది!"

మేరిమ్ వంగి కుక్క తల నిమిరింది.

"పెదనాన్నా, కొవ్వూ కార్జమూ తింటే మాట ఖాయమేగా?"

"ఖాయమేలే. కానీ ఇది..."

"ఆ కొవ్వు నాకోసం తెచ్చింది కాదు. షుమ్‌కార్ కోసం తెచ్చింది. అంటే మీరు వియ్యమందింది షుమ్‌కార్‌తో. వియ్యంకుణ్ణి వాకిట్లో వదిలేసి మీరొక్కరే వేటకి పోతారా? ఊరు ఏమనుకుంటుంది?"

ముందుగా నవ్వింది అసిల్‌కాన్. కమ్మలు రుమాల్లో చుట్టుకుంటూ, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత వాకిలంతా నవ్వింది. జుమాలీ మాత్రం నవ్వలేదు. కాసేపు కుక్కను చూశాడు, కాసేపు పళ్లెం చూశాడు. "ఎక్కండి గుర్రాలు" అన్నాడు.

కొండ మీద మంచు పెళ్లలు కిందటి ఏడుకన్నా పదునుగా ఉన్నాయి. షుమ్‌కార్ వెనక పాదాల వంతు కొవ్వు పెళ్లివారి కడుపుల్లో ఉండిపోయినా బూట్లు నిలబడ్డాయి. మూడో పరుగులో అది నక్కను పట్టింది. జుమాలీ కుక్క రెండో పరుగుకే నెత్తుటి అడుగులు వేస్తూ ఆగిపోయింది. జుమాలీ దాన్ని జీను మీద తన ముందు కూర్చోబెట్టుకుని దిగాడు. ఏడాదిగా దాచుకున్న పెళ్లికూతురి ప్రశ్న ఓస్మోన్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నెత్తురోడుతున్న ఆ పాదాలు చూశాక అడగబుద్ధి కాలేదు.

"ఆ బూట్లు కుట్టిందెవర్రా?" అని చాలా దూరం వచ్చాక జుమాలీయే అడిగాడు.

ఇంట్లో తుర్సునాయ్ టీ పోసింది, రొట్టె పెట్టింది. తన పాత బూట్లను మాత్రం చిల్లులు పైకి కనిపించేలా గుమ్మంలో బోర్లించింది. ఓస్మోన్ వాటిని దాటి వెళ్లిన ప్రతిసారీ సిగ్గుపడ్డాడు. కుక్క పాదాల కోసం ఇంత పాకులాడినవాడు ఈ రెండు పాదాలను రెండేళ్లు ఎలా మరిచిపోయాడో అతనికే అర్థం కాలేదు. కొత్త జత ఒకటి ఆమెకు చెప్పకుండా తెచ్చి చేతిలో పెట్టాలనుకున్నాడు.

సోమవారం పొద్దున్నే కాలిపా దగ్గరికి వెళ్లాడు. "ఒక జత బూట్లు కుట్టాలి. ఆడవాళ్లవి. మంచి ఉన్నితో, మెత్తగా."

కాలిపా చేతిలో సూది ఆగింది. "కొలత?"

"కొలత తెలీదు. అడిగితే తెలిసిపోద్ది. అందాజుగా కుట్టు."

"ఎవరికి, అన్నా?"

"అది నీకెందుకు?" ఓస్మోన్ ఈసారి జాగ్రత్తగా ఆలోచించి మరీ చెప్పాడు. "ఊళ్లో ఒక్కరికి కూడా చెప్పకు. ఒట్టెయ్యి."

కాలిపా ఒట్టు తప్పే మనిషి కాదు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, నేరుగా వెళ్లి తుర్సునాయ్‌కే చెప్పింది.