గోడ మీద గళ్లు

జాస్మిన్ పొద్దున్నే వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తుళ్లూరు పక్కనున్న అత్తగారి ఊళ్లో, పాలకేంద్రం గోడ మీద ఇంటికొక గడి గీసివ్వాలి. ఎవరికి నచ్చిన బొమ్మ వాళ్లు వేసుకుంటారు. ముగ్గో, సిలువో, నెలవంకో. సాయంత్రం తను పనిచేసే కళాసంస్థ నుంచి చైతన్యకృష్ణగారు వచ్చి మెచ్చుకుంటే ఆమె ఉద్యోగం ఇక్కడే. లేకపోతే హైదరాబాదు. పెళ్లయి నెల కూడా కాలేదు; మొగుడు ప్రకాష్ పెట్టే అల్లం టీ మీద మోజింకా తీరనే లేదు.

ఎర్ర రంగుతో గళ్లు గీసి, నంబర్లు వేసింది. అక్కడే కొంప మునిగింది. రాజధానికి పొలాలిచ్చి ప్లాట్లు తీసుకున్న ఊరది. గీతలూ నంబర్లూ కనబడ్డాక జనానికి బొమ్మలు గుర్తుకు రావు.

ముందుగా వీరమ్మ ముగ్గు డబ్బా చంకన పెట్టుకుని వచ్చి, తన గడి ఏ ఫేసింగో చెప్పమంది.

"గోడంతా తూర్పే చూస్తుంది పిన్నిగారూ."

"అది సరేగానీ, ఈశాన్యం మూల ఎవరికిచ్చావో చెప్పమ్మాయ్."

ఆ మూల పాస్టర్ ఎలీషాగారికి పడింది. వాస్తు మీద తనకు బొత్తిగా నమ్మకం లేదన్నాడాయన. మూల మాత్రం వదలనన్నాడు. నెలవంక వేద్దామని వచ్చిన హయాత్‌కూ కార్నర్ బిట్టే కావాలట. మతాల మధ్య మాట తూలకుండా చూసుకోవాలని జాస్మిన్‌కు కాలేజీలో చెప్పారు. తీరా చూస్తే ముగ్గురూ ఒకే మాట మీదున్నారు.

ఈలోగా నడిమి గడి పడిన జుబేదా అందుకుంది.

"చుట్టూ వీళ్లే ఉంటే నా గడికి దారేదమ్మా?"

న్యాయమేననిపించి జాస్మిన్ ఒక నల్లటి రోడ్డు గీసింది. ఒకరికి రోడ్డిచ్చాక మిగతావాళ్లు ఊరుకుంటారా? కుంచెలు లాక్కుని ఎవరి రోడ్డు వాళ్లే వేసుకున్నారు. వీరమ్మ గడికి వీధిపోటు తగిలింది. అది తప్పించడానికి పాస్టరుగారే రోడ్డును గుండ్రంగా తిప్పారు. ఆ గుండ్రం మధ్యలో హయాత్ పార్కు వేశాడు. సాయంత్రానికి గోడ మీద బొమ్మకు అరచెయ్యంత చోటు మిగల్లేదు. జాస్మిన్ కళ్ల ముందు హైదరాబాదు బస్సు ఆగింది.

చైతన్యకృష్ణ కారు దిగి గోడను చాలాసేపు చూశాడు. జాస్మిన్ సారీ చెప్పబోయింది.

"ఉండమ్మా," అన్నాడాయన. "ఇన్ని రకాల వాళ్లు కలిసి ఒకే బొమ్మ వేయడం నేనెక్కడా చూడలేదు. ఒకళ్లకొకళ్లు దారి వదిలారు చూడు. రేపట్నుంచి ఈ చుట్టుపక్కల గోడలన్నీ నువ్వే చూసుకో."

జాస్మిన్ అత్తగారి ఎదుటే ప్రకాష్ చెయ్యి పట్టేసుకుంది. ఊరంతా చప్పట్లు కొట్టింది.

గోడకు అవతలి వైపు కూడా ఉందన్న సంగతి వీరమ్మకు అప్పుడే తట్టింది.