మక్ యిన్‌కై లొంగుబాటు

చక్రవర్తివారి అపార కరుణ ఎట్టకేలకు సముద్రపు దొంగల మీద కూడా ప్రసరించిందని హోపాన్ రేవులో ప్రకటన వెలిసింది. లొంగిపోయిన ప్రతి దొంగకూ ప్రాణభిక్ష, పందిమాంసం, ఒక జాడీ సారా. నాయకుడైతే నౌకాదళంలో అధికారి పదవి. దొంగలకు సముద్రం కొట్టినపిండి కాబట్టి వారి అనుభవాన్ని ప్రజాసేవకు వినియోగించుకోవడమే వివేకమని అడుగున రాసి ఉంది.

దాన్ని గోడకు అంటించింది మక్ యిన్‌కై. ఇరవై ఆరేళ్ళుగా రేవు కోటలో నౌకాదళ సిపాయి. ఇన్నేళ్ళలో ఒక్క దొంగతనమైనా చేయలేదు గనుక, అతనికి పదోన్నతి ఇవ్వడానికి దస్త్రంలో తగిన ఆధారం దొరకలేదు. నెల తిరక్కుండా కోటకు కొత్త అధికారి వచ్చాడు. కిందటేడు నడిసముద్రంలో మక్ ఎడమ చెవి తెగనరికిన దొంగే అతను.

"చెవి ఎలా ఉందయ్యా?" అని ఆప్యాయంగా అడిగాడు.

"మానిందండి," అన్నాడు మక్.

ఇంటి దగ్గర అతని భార్య లిన్ చేపలు ఎండబెడుతోంది. "మీ కొత్త అధికారి పెళ్ళాం ఇవాళ అమ్మవారి గుడికి పల్లకీలో వచ్చింది. నన్ను పక్కకి తప్పుకోమన్నారు," అంది తల ఎత్తకుండా. "మంచోడివని పేరు మోసుకుని నువ్వు సాధించిందేంటి, చెవి పోగొట్టుకోడం తప్ప? మిగిలిన చెవితోనైనా నా మాట విను."

విన్నాడు. కీళ్ళనొప్పులని సెలవు పెట్టి, బావమరిది పడవ అడిగి తీసుకుని, సముద్రపు దొంగ అయ్యాడు. జెండా కోసం లిన్ తన పెళ్ళినాటి ఎర్ర దుప్పటి కత్తిరించి ఇచ్చింది.

మొదట ఒక ఉప్పు ఓడ తగిలింది. ఆగమని కేకేశాడు. ఓడ సరంగు విసుక్కోకుండా ఒక కాగితం చూపించాడు. "మేం మొన్ననే మామూలు ఇచ్చుకున్నాం బాబూ. ఇదిగో మీవాళ్ళ అభయపత్రం." దొంగల ముద్ర సరిగ్గానే ఉంది. మక్ క్షమాపణ చెప్పుకుని దారి వదిలాడు. రెండోది బియ్యం ఓడ. అందులోని వాళ్ళు అతని వాలకం చూసి, దారి తప్పిన జాలరి అనుకుని వేడిగంజి పోశారు. తాగి, దణ్ణం పెట్టాడు. ఎనిమిది రోజులు ఈ విధంగా సముద్రాన్ని గడగడలాడించి, తొమ్మిదో రోజున లొంగిపోవడానికి వెళ్ళాడు.

"ఎన్ని ఓడలు దోచావు?" అని లొంగుబాటు కచేరీ గుమస్తా అడిగాడు.

"ప్రయత్నించానండి."

"ప్రయత్నం లెక్కలోకి రాదు. బాధితులు కావాలి, పదిమందికి తగ్గకుండా. బాధితులు లేని దొంగని చేర్చుకుంటే ఈ కచేరీ పరువేం కాను? మూడ్రోజులు గడువిస్తున్నా. సాక్షులు రాకపోతే నువ్వు దొంగవి కాదు, దొంగసెలవు పెట్టిన సిపాయివి. దానికి ఎనభై వెదురు దెబ్బలు."

ఎనభై తిని లేచినవాడు ఆ జిల్లాలో ఎవడూ లేడు. మక్‌ను కొట్లో వేశారు.

కబురు ఊరికి చేరింది. గాలివాన రోజుల్లో అందరి పడవలూ ఒడ్డుకు లాగిపెట్టినవాడు మక్. పదిమంది చాలంటే నలభైముగ్గురు వచ్చారు. అందరికంటే ముందు రొయ్యలముద్ద అమ్మే సామ్ అత్త నిలబడింది. "నా జాడీలన్నీ పగలగొట్టాడు బాబూ. ఆడదాన్నన్న జాలైనా లేదు ఈ రాక్షసుడికి," అని గుండె బాదుకుంది. వలలు తగలబెట్టాడన్నారు, పందుల్ని ఎత్తుకుపోయాడన్నారు. ఒక ముసలాయన ఊపు మీద తనను చంపేశాడని కూడా చెప్పబోతే గుమస్తా వారించాడు. మోకాళ్ళ మీద కూర్చున్న మక్‌కు కన్నీళ్ళు ఆగలేదు. తన గురించి ఇంతమంది ఇంతసేపు మాట్లాడటం అతను పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

జిల్లా అధికారి లేచి, "ఇంతటి నరరూప రాక్షసుడు పశ్చాత్తాపాశ్రువులు రాల్చుట చక్రవర్తివారి ధర్మప్రభావముగాక మరేమి?" అని ఉపన్యసించారు. కోటలోని పాత దొంగను పెద్ద కోటకు పంపి, ఆ స్థానంలో మక్‌ను నియమించారు. పందిమాంసం ఊరంతా తిన్నారు.

పండక్కి జనం కొత్త అధికారికి చేపల బుట్టలు పట్టుకెళ్ళారు. మక్ వద్దన్నాడు. ఊరు బెంగపడింది. "తీసుకోడంలేదంటే మనసులో ఏదో పెట్టుకున్నాడన్నమాటే," అనుకున్నారు. వాళ్ళ మనశ్శాంతి కోసం రెండోసారి తీసుకున్నాడు. మూడోసారి ఒక పడవ వాళ్ళు తేవడం మరిచారు. ఆ పడవకు వేటకు వెళ్ళే అనుమతి అయిదు రోజులు ఆలస్యమైంది. ఆపమని మక్ చెప్పలేదు, ఆపొద్దనీ చెప్పలేదు. శరదృతువు వచ్చేసరికి ప్రతి అమావాస్యకూ రొయ్యలముద్ద జాడీలు వాటంతటవే కోట మెట్లెక్కుతున్నాయి. లిన్ పల్లకీలో గుడికి వెళుతోంది. జనం సంతోషంగా పక్కకు తప్పుకుంటున్నారు.

ఆ చలికాలం రాజధాని నుంచి తనిఖీ అధికారి దిగాడు. కోట అధికారి మీద ఫిర్యాదులున్నవారు రావలసిందిగా చాటింపు వేయించాడు. ఊరు ఊరంతా వచ్చింది. ముందు సామ్ అత్తే. మక్ తన చేతులు రెండూ అంగీ చేతుల్లోకి దూర్చుకున్నాడు.

"మా మక్ బాబు రొయ్యమీసమైనా ముట్టడు బాబూ," అంది అత్త, గుండె మీద చెయ్యేసుకుని. వెనకున్న వాళ్ళంతా అదే చెప్పారు. ఇంతటి సత్యసంధులైన ప్రజలను తన సర్వీసులో చూడలేదని తనిఖీ అధికారి రాసుకున్నాడు.

జనం వెళుతుంటే మక్ కోట గుమ్మం దగ్గర సామ్ అత్తను ఆపాడు. "అట్లా ఎందుకు చెప్పావు అత్తా?" అన్నాడు.

"నువ్వు పోతే ఇంకోడొస్తాడు కదా నాయనా," అంది అత్త, తలగుడ్డ సర్దుకుంటూ. "వాడికి మళ్ళీ మొదట్నించీ అన్నీ మేమే నేర్పుకోవాలి."