పొట్టేలు కోసం అరువు గుండె

నేను చెప్పేదాంట్లో ఆవగింజంత కల్పన ఉండదు. నమ్మకపోతే కొత్వాల్‌గూడకు వచ్చి ఎవరినైనా అడగండి. విమానాల మోతలో వాళ్లు చెప్పేది సగం వినపడకపోతే, ఆ సగం కూడా నేను చెప్పిందే అనుకోండి.

ఆ శనివారం పొద్దున దశరథం వేసుకున్న పథకం చాలా చిన్నది. మర్నాడు ఇంట్లో పొట్టేలును కోయాలి. చుట్టాలను ఇదివరకే పిలిచేశాడు. అడ్డమల్లా భార్య రేణుకమ్మ. నాలుగు మెట్లెక్కితే ఎగపోసే మొగుణ్ణి చూసి ఆమె ఒక షరతు పెట్టింది.

"శంషాబాద్‌ల ఉత్తగనే గుండె పరీక్షలు చేస్తున్నరంట. మంచిగున్నదని డాక్టర్ చెప్తేనే పొయ్యి ముట్టిస్త. లేకుంటే పొట్టేలును అమ్మేస్త."

దశరథం కంటే ముందు ఆయన పొట్ట గడప దాటుతుంది. పరీక్షకు పోతే ఏం తేలుతుందో ఆయనకు చెప్పక్కర్లేదు. సక్కగా తమ్ముడు పెంటయ్య దగ్గరికి నడిచాడు. పెంటయ్య వెదురుబద్ద మనిషి. రోజంతా పొలం పనే. నోట్లో బీడీ ఆరదు గానీ ఒంటి మీద కండ తప్ప కొవ్వు కనపడదు.

"తమ్మీ, జర నా పేరు చెప్పి పరీక్ష చేయించుకొని రా. నీ గుండె రాయి లెక్క ఉంటది."

"నాకేమిస్తవ్?"

"పొట్టేలు తలకాయ, కాళ్లు."

"నాలిక గూడ."

"తలకాయల్నే ఉంటది గదరా."

"ఉంటది. కూరల మాత్రం కనబడదు. ముందే మాట్లాడుకోవాలె అన్నా."

పెంటయ్య దశరథమై శంషాబాద్ పోయాడు. ఎదకు వైర్లు పెట్టించుకున్నాడు. ఫలితం తర్వాత చెప్తామని ఫోన్ నంబరు అడిగితే నోటికి వచ్చిన ఒక్క నంబరు, వదినది, చెప్పాడు. తిరిగొచ్చి రేపటి పొయ్యికి కట్టెలు కొట్టడానికి పొలం కాడికి పోయాడు.

మధ్యాహ్నం రేణుకమ్మ ఫోన్ మోగింది. అవతల డాక్టర్ ప్రసన్నలక్ష్మి, కోస్తా మనిషి.

"దశరథం గారింటి వాళ్లేనా అండీ? ఆయన పరీక్షలో తేడా కనిపిస్తోంది. గుండెకు రక్తం సరిగ్గా అందడం లేదేమోనని అనుమానం. బరువు పనులు చేయనివ్వకండి. ఇవాళే ఆసుపత్రికి తీసుకురండి."

రేణుకమ్మ మొగుణ్ణి మంచం మీద పడుకోబెట్టింది. ఆవకాయ జాడీ అటక ఎక్కింది. ఆటో రాజుకు కబురు పోయింది. ఈలోగా పక్కింటి శివమ్మ బ్రెడ్డు ప్యాకెట్టుతో వచ్చింది. మా దగ్గర ఎవరికి బాగాలేకపోయినా చూడ్డానికి బ్రెడ్డు పట్టుకుపోవడం మర్యాద. కాసేపట్లో వాడంతా కదిలింది. దశరథం మంచం బేకరీ అయింది.

"నాకేం గాలే," అన్నాడు దశరథం.

"అందరు గట్లనే అంటరు," అంది శివమ్మ, కాళ్లు పిసుకుతూ. "మా మేనమామ గూడ గిట్లనే అన్నడు."

"ఇప్పుడెట్లున్నడు?"

"ఏడున్నడు, పోయిండు గద."

నిజం చెబుదామంటే పొట్టేలు పోతుంది. చెప్పకపోయినా పోయేట్టే ఉంది. దశరథం ఆ బాధలో ఉండగానే శివమ్మ మళ్లీ అంది: "మీ బాపు గూడ గింతే. ఎద పట్టేసిందంటే గ్యాస్ అనుకొని సోడా తాగిండు. పొలంలనే పడిపోయిండు."

సోడా అన్న మాట దగ్గర దశరథానికి పెంటయ్య గుర్తొచ్చాడు. ఈమధ్య మోపెత్తినప్పుడల్లా ఆగి ఎద రాసుకుంటున్నాడు. పూటపూటకూ సోడా తాగుతున్నాడు. మంచం మీద పడుకున్నది తను. డాక్టర్ చెప్పిన గుండె వేరేచోట ఉంది. ఆ చోట ఇప్పుడు గొడ్డలి కూడా ఉంది.

దశరథం లేచి పరుగు పెట్టాడు.

"గుండె జబ్బోడు ఉరుకుతున్నడు, పట్టుకోండ్రి," అన్నారెవరో. వెనక రేణుకమ్మ, ఆమె వెనక బ్రెడ్డుతో శివమ్మ, వాళ్ల వెనక రాజు ఆటో, అన్నిటికీ వెనక తాడు తెంపుకున్న పొట్టేలు. పొలం చేరేసరికి పెంటయ్య గొడ్డలి ఎత్తి ఉన్నాడు. దశరథం ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"కింద పెట్టురా."

"కట్టెలెవరు గొట్టాలె?"

"పొట్టేలొద్దు, ఏమొద్దు. తమ్మీ, ఆ గుండె నీది."

రేణుకమ్మకు అంతా అర్థమైంది. మొగుడి వైపు ఒకసారి చూసింది. "నీ సంగతి ఇంట్ల మాట్లాడుత," అని, మరిదిని ఆటో ఎక్కించింది.

"పొద్దుగాల్నుంచి జర పట్టేసినట్టే ఉన్నది వదినా," అన్నాడు పెంటయ్య. "గ్యాసే గద."

గ్యాస్ కాదు. రక్తనాళం ఒకటి బాగా సన్నబడింది. ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు కాబట్టి స్టెంట్ వేసి, మాత్రలు రాసి, బీడీ కట్ట లాక్కున్నారు.

"గుండె నడుం కొలత చూడదండీ," అంది ప్రసన్నలక్ష్మి. "బీడీ, బీపీ, షుగర్, ఇంట్లో పెద్దలకు వచ్చిందా, ఇవి చూస్తుంది. ఎద పట్టేసినప్పుడు సోడా కోసం కాదు, మా కోసం పరుగెత్తాలి." తర్వాత దశరథం వైపు తిరిగింది. "బాగా పరుగెత్తారటగా. చొక్కా విప్పండి."

బీపీ ఎక్కువే ఉంది. షుగర్ గుమ్మంలో నిలబడింది. ఆయనకూ ఉప్పు తగ్గింది, మాంసం తగ్గింది, మాత్ర వచ్చింది.

ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ రోజూ పొద్దున్నే హిమాయత్‌సాగర్ వైపు నడుస్తారు. అన్న పొట్ట గడపకు కొంచెం ఆలస్యంగా చేరుతోంది. తమ్ముడు బీడీ ముట్టడు. ఇద్దరి మధ్య మెడకు తాడుతో ఆ పొట్టేలు కూడా నడుస్తుంది.

మొదట్లో నేనన్న మాట జర సవరించుకుంటాను. పొట్టేలు నడక ఒక్కటీ నా కల్పన. పిలిచిన చుట్టాలు ఆదివారం వచ్చేశారు, రేణుకమ్మకు పొయ్యి ముట్టించక తప్పలేదు. నాలిక బాగా కుదిరిందని శివమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ పూట ఆసుపత్రిలో అన్నదమ్ములు బ్రెడ్డు తిన్నారు.