చిలక కంపెనీ పలుపు

రేణుకు ఉన్న భయం ఒక్కటే. ఏడో తరగతితో తన చదువు ఆగినట్టు కూతురు లక్ష్మీప్రియ చదువూ ఆగిపోతుందేమోనని. పిల్ల బడి హోసూరులో తన ఉద్యోగం మీదే నడుస్తోంది. లెక్కలు నేర్పే కంప్యూటరు ఆటల సీడీలను అట్టపెట్టెల్లో సర్దే పని అది. తళిలో గులాబీలు పెంచే జయరామప్ప ఐదేళ్ళ కింద పెట్టిన కంపెనీ. సరైన జవాబిస్తే తెరమీద చిలక రెక్కలు కొడుతుంది. ఆ చిలక పుణ్యాన కంపెనీ మూడు గదులకు పెరిగింది. 1999లో ఒక సోమవారం ఆయన దాన్ని బెంగళూరు వ్యాపారి తిలక్‌కు అమ్మేశాడు.

"ఇప్పుడు మేమెవురి మనుషులం సార్?" అనడిగింది రేణు.

"కంపెనీ యాడుంటే మీరూ ఆడే రేణమ్మా, భయపడొద్దు," అన్నాడాయన. దాంతో ఆమెకు భయం పట్టుకుంది.

ఇంటికొచ్చి చెబితే, ఆవుల మధ్యే పుట్టి పెరిగిన అత్త దొడ్డమ్మ ఒకటే అడిగింది. "పలుపు కూడా ఇచ్చేసినాడా?"

"ఆవును కట్టే పలుపు కంప్యూటర్లకేంది అత్తా?"

"ఆవునమ్మితే కొన్నోడు కొత్త పలుపు తెచ్చుకోవల్ల. పాతది అమ్మినోడి కొట్టంలోనే ఉండల్ల. అది పోతే ఇంట్లో పాడి పోతుంది. మీ సారుకి ఆ మాత్రం తెల్దా?"

మర్నాడు పొద్దున పిల్లను బడిలో దించి, రేణు అందరికంటే ముందే ఆఫీసుకు చేరింది. పెద్ద కంప్యూటరు వెనక ఎవరికీ పనికిరానట్టు వేలాడుతున్న జానెడు వైరును పీకి టిఫిను డబ్బాలో దాచింది. అదే కంపెనీ పలుపనుకొని, సారు ఒంటరిగా దొరికితే ఇద్దామని. చివర నల్లబిళ్ళ ఉన్న ఆ వైరే ఆటకు తాళమని, అది తగిలించకపోతే పెద్ద కంప్యూటరులో ఆట తెరుచుకోదని ఆమెకు తెలియదు. ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్కడు, కంప్యూటరు చూసుకునే ప్రసాదు, అమ్మకం మాట వినగానే ఉద్యోగం మానేసి గురుబరపల్లిలో టమాటాలు పెట్టుకోవడానికి పోయాడు.

పదింటికి తిలక్, తన ఇంజనీరు రక్షిత్‌తో దిగాడు. చిలక లేవలేదు.

"చిలకను దాచిపెట్టుకొని ఉత్త పంజరం అమ్మినారు," అన్నాడు తిలక్.

"నిన్నటిదాకా ఎగిరింది. మీవాడు ఏం కెలికినాడో అడగండి," అన్నాడు జయరామప్ప.

రేణు నోరు తెరవబోయింది.

"ఎవురు చేసినా సరే, ఈ రోజే ఇంటికి పంపిస్తా," అన్నాడు తిలక్. తెరిచిన నోరు మూతపడింది.

పది రోజులు చూసి తిలక్ కంపెనీని చెన్నై వాళ్ళకు అంటగట్టాడు. బోర్డు రాసే ముత్తప్ప ఒక పేరు ఆరకముందే ఇంకో పేరు మొదలుపెట్టాడు.

"ఇప్పుడు మన ఓనరెవురన్నా?" అంది రేణు.

"రంగు ఆరనీ తల్లీ, చెప్తా."

ఆరేలోగా చెన్నై వాళ్ళూ లేవని చిలకతో విసిగిపోయి, కంపెనీని జయరామప్పకే అప్పజెప్పి వెళ్ళారు. నల్లటి తెర ముందు ఆయన ఒక్కడే కూర్చుని ఉంటే, రేణు టిఫిను డబ్బా తెరిచింది.

"పలుపు సార్. తప్పయిపోయింది. నా బిడ్డ బడి మాత్రం ఆగిపోకుండా చూడండి."

ఆయన ఆ వైరు తగిలించాడు. చిలక రెక్కలు కొట్టింది.

"పాత పలుపు మన దగ్గరుంటే ఆవు దోవ వెతుక్కుంటా వచ్చేస్తుందని మా నాయన అనేవాడు. నేనే నమ్మలేదు," అన్నాడు జయరామప్ప కళ్ళు తుడుచుకుంటూ. "ఇంక ఇది నీ దగ్గరే ఉండనీ. సాయంత్రం పీక్కొని పో, పొద్దున తెచ్చి పెట్టు. ఆ పని ఉన్నంతవరకూ పిల్ల చదువుకి అడ్డం రాదులే."

ఇదంతా ఆ ఆట కాపీ ఒకటి బెంగళూరుకు పట్టుకుపోయిన రక్షిత్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు. అటు పోయేవాళ్ళు ఒకసారి ఆ అబ్బాయిని చూసి రండి, పాపం పలుపు లేకుండా ఇంకా చిలకను లేపుతూనే ఉంటాడు.